అరచేతి కంప్యూటరు - పిడికెడు విద్యుత్తు

1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెనను గూర్చి కృష్ణా జిల్లాలో వినని బాలుడుండడు. సముద్రపు అల కొన్ని చోట్ల తాటిచెట్టంత ఎత్తున వచ్చెనని పెద్దలు చెప్పుదురు. కోడూరు, నాగాయలంక ప్రాంతములలో ఊళ్లకు ఊళ్లే తుడిచిపెట్టుకొని పోయినవి. మృతులు పదివేల వరకు నుందురని అధికారుల లెక్క. గాలికి టెలిఫోను తీగెలు, విద్యుత్ స్తంభములు కూలిపోవుటచే, జరిగిన ఘోరము ఎంతటిదో బయటివారికి తెలియుటకే దినములు పట్టినది. ఆ కాలమున తీగెతో సంబంధము లేకుండ పల్లెలలో పనిచేయగల విద్యుత్ పరికరములు రెండే: టార్చిలైటు, ట్రాన్సిస్టరు రేడియో. ఒకటి చూచుటకును, రెండవది వినుటకును పనికివచ్చును గాని, “మేము ఇక్కడ ఉన్నాము, రండు” అని చెప్పుటకు పనికిరావు.

2023 డిసెంబరు 5వ తేదీన మిచౌంగ్ తుఫాను కృష్ణకు ఆవలి ఒడ్డున బాపట్ల దగ్గర తీరము దాటెను. ఈ నలువది ఆరేండ్లలో పల్లెవాని చేతిలోని పరికరము మారిపోయినది. తుఫాను హెచ్చరిక ఇప్పుడు ఫోనుకే వచ్చుచున్నది. బంధువుల క్షేమము దానితోనే తెలియుచున్నది. అది పేరునకు ఫోనే గాని, నిజమునకు ఒక కంప్యూటరు. కాని విద్యుత్తు పోయిన మరుక్షణమునుండి అది బ్రతుకు కాలము దాని బ్యాటరీలో మిగిలిన శక్తిని బట్టియే ఉండును.

ఆ శక్తి ఎంత? ఒక సాధారణమైన ఫోను బ్యాటరీపై 4,000 మిల్లీ యాంపియర్-గంటలు అనియు, 3.85 వోల్టులు అనియు వ్రాసి యుండును. ఈ రెంటిని గుణించినచో సుమారు 15 వాట్-గంటలు వచ్చును. వెనుకటి 60 వాట్ల బల్బును ఇంత శక్తితో వెలిగించినచో పావుగంటలో ఆరిపోవును. పావుగంట దీపమునకు చాలునంత శక్తితో లెక్కలు కట్టు యంత్రము, వెలుగు తెర, రేడియో ప్రసారిణి అన్నియు ఒక రోజంతయు నడుచుచున్నవి. ఇది బ్యాటరీ గొప్పతనము మాత్రమే కాదు. 1991లో సోనీ కంపెనీ లిథియమ్-అయాన్ బ్యాటరీని విక్రయించినప్పుడు కిలోగ్రాముకు సుమారు 80 వాట్-గంటలు పట్టెడిది. తరువాత ముప్పది ఏండ్ల కృషితో అది సుమారు మూడు రెట్లయినది. అదే కాలమున ప్రాసెసరు, అనగా యంత్రమున లెక్కలు కట్టు సిలికాను ముక్క, వేగము వందల, వేల రెట్లు పెరిగినది. తిండి మూడు రెట్లు పెరుగగా పని వేయి రెట్లు పెరిగినదన్నమాట. మిగిలిన అంతరమును పూడ్చినది పొదుపే. ఆ పొదుపు ఎట్లు నేర్చుకొనిరో చెప్పుటయే ఈ వ్యాసము పని.

ముందుగా విద్యుత్తు ఎక్కడ ఖర్చగుచున్నదో తెలియవలెను. ప్రాసెసరులో కోట్లకొలది ట్రాన్సిస్టర్లు ఉండును. వానిని కలుపు ప్రతి సన్నని దారియు ఒక చిన్న కండెన్సరు వంటిది. “ఒకటి” అను సంకేతము కావలసినప్పుడు అది విద్యుదావేశముతో నిండును. “సున్న” కావలసినప్పుడు ఖాళీ యగును. ఈ నింపుట, ఒంపుటయే లెక్క కట్టుట.

గుడివాడ ప్రాంతమున కాలువనుండి చేనికి గూడ వేసి నీరు తోడిన రోజులు పెద్దలకు జ్ఞాపకమే. కాలువ నీటి మట్టమునుండి రెండు మీటర్ల ఎత్తు అంచుగల తొట్టిని గూడతో నింపవలెననుకొనుడు. ప్రతి గూడెడు నీటిని రెండు మీటర్లు ఎత్తవలెను. ఇప్పుడు అంతే వెడల్పు గల తొట్టిని ఒక మీటరు ఎత్తుతోనే కట్టితిమనుకొనుడు. పట్టు నీరు సగము. ఎత్తవలసిన ఎత్తును సగము. కనుక పని సగము కాదు, నాలుగవ వంతు. ప్రాసెసరులో తొట్టి ఎత్తు వంటిది వోల్టేజి. వోల్టేజిని సగము చేసినచో ప్రతి నింపుడుకు ఖర్చగు శక్తి నాలుగవ వంతగును. క్షణమునకు ఎన్నిసార్లు నింపి ఒంపవలెనో నిర్ణయించునది క్లాకు. క్లాకు వేగము సగమైనచో క్షణమునకగు ఖర్చు సగమగును.

ఇక్కడ విద్యార్థులు తరచుగా ఒక పొరపాటు చేయుదురు. క్లాకు వేగమును తగ్గించినంత మాత్రాన బ్యాటరీ మిగులునని తలతురు. వేగము సగమైనచో పని పూర్తి యగుటకు రెండింతల కాలము పట్టును గదా! వెయ్యి తొట్లు నింపవలసి యుండగా, మెల్లగా నింపినను, త్వరగా నింపినను వెయ్యి తొట్ల నీరే తోడవలెను. లాభము వచ్చునది తొట్టి ఎత్తు తగ్గించినప్పుడే. కాని వోల్టేజి తగ్గించినచో ట్రాన్సిస్టరు మందగించును. పాత వేగముతో పనిచేయలేదు. అందుచేత క్లాకును తగ్గించుట వోల్టేజిని తగ్గించుటకు వీలు కల్పించును. రెండును కలిసి తగ్గినప్పుడే నిజమైన పొదుపు. చేతి కంప్యూటర్ల చరిత్రలో సగభాగము ఈ ఒక్క సూక్ష్మము చుట్టును తిరిగినది.

పని లేనప్పుడు ఖర్చు లేకుండుట అను గుణము మొదటి ట్రాన్సిస్టరు వలయములకు లేదు. అవి ఊరక ఉన్నను కరెంటును త్రాగుచుండెడివి. 1963లో అమెరికాలో ఫెయిర్‌చైల్డ్ సంస్థలో పనిచేయుచుండిన ఫ్రాంక్ వాన్లాస్ రెండు విరుద్ధ జాతుల ట్రాన్సిస్టర్లను జతపరచి, ఒకటి తెరచినప్పుడు రెండవది మూసికొనునట్లు వలయము కల్పించెను. స్థితి మారునప్పుడు తప్ప అందులో కరెంటు దాదాపు ప్రవహింపదు. దీనినే సీమాస్ పద్ధతి యందురు. ఆ కాలమున ఇది మందకొడి పద్ధతియని పెద్ద కంప్యూటర్లవారు చిన్నచూపు చూచిరి. చేతి గడియారములవారు, లెక్కల యంత్రములవారు దానిని ఆదరించిరి. 1973లో జపానుకు చెందిన షార్ప్ కంపెనీ ఈఎల్-805 అను లెక్కల యంత్రమును సీమాస్ వలయములతోను, స్ఫటిక ద్రవపు తెరతోను తయారుచేసినది. అది ఒకే ఒక పెన్సిలు సెల్లుతో నూరు గంటలు నడిచెడిది.

1985 ఏప్రిలులో ఇంగ్లండులోని ఏకార్న్ కంపెనీలో ఒక వినోదము జరిగినది. సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ అనువారు రూపొందించిన ఆర్మ్ అను మొదటి ప్రాసెసరు ఫ్యాక్టరీనుండి వచ్చినది. ఫర్బర్ అది ఎంత కరెంటు తీసికొనుచున్నదో కొలువబోగా అమ్మీటరు ముల్లు సున్న దగ్గరనే నిలిచినది. ప్రాసెసరు మాత్రము చక్కగా పనిచేయుచునే యున్నది. విచారింపగా విద్యుత్తు నందించు తీగె అసలు కలుపబడియే యుండలేదని తేలినది. చుట్టునున్న వలయములనుండి సంకేతపు తీగెల ద్వారా కారివచ్చిన కొద్దిపాటి కరెంటే దానికి సరిపోయెను! చేతి కంప్యూటరు కొఱకు వారు దానిని కల్పింపలేదు. చవుక పెట్టెలో వేడెక్కకుండ ఉండవలెనని మాత్రమే కోరిరి. పొదుపు దానంతట అదే వచ్చినది.

ఇందుకు పూర్తిగా ఎదురుదిక్కున నడిచినది అమెరికాలోని డిజిటల్ ఈక్విప్‌మెంట్ కంపెనీ. 1992లో వారు తెచ్చిన ఆల్ఫా ప్రాసెసరు ఆనాటికి మహావేగము గలది. క్లాకు 200 మెగాహెర్ట్‌జులు, వోల్టేజి 3.45, ఖర్చు 26 వాట్లు. జేబులో పెట్టుకొన్నచో జేబు కాలును. ఆ ఆల్ఫా నిర్మాణమునకు నాయకుడైన డాన్ డాబర్‌పూల్, తరువాత అదే విద్యను తలక్రిందులుగా ప్రయోగించెను. ఆర్మ్ వారితో ఒప్పందము చేసికొని, 1996లో స్ట్రాంగ్‌ఆర్మ్ అను ప్రాసెసరును వెలువరించిరి. 26 వాట్లనుండి ఎట్లు దిగివచ్చితిమో వారు లెక్క వ్రాసి చూపిరి. ఆ లెక్క తరగతి గదిలో బల్లపై వేసి చూపదగినది.

మొదట వోల్టేజిని 3.45 నుండి 1.5కు దించిరి. 3.45ను 1.5తో భాగించి వర్గము చేసినచో 5.3 వచ్చును. ఖర్చు 26 వాట్లనుండి 4.9 వాట్లకు దిగినది. ప్రాసెసరుకు అంత అవసరముకాని భాగములను తీసివేయగా మూడు రెట్లు తగ్గి 1.6 అయినది. ట్రాన్సిస్టర్లను ఇంకను చిన్నవి చేయగా రెండు రెట్లు తగ్గి 0.8 అయినది. క్లాకు సంకేతమును మోయు తీగెల భారమును తగ్గింపగా 0.6, చివరకు వేగమును 200 నుండి 160 మెగాహెర్ట్‌జులకు తగ్గింపగా అర వాటు. వేగములో పోయినది అయిదవ వంతు మాత్రమే. ఖర్చులో మిగిలినది యాభైలో ఒక వంతు మాత్రమే! ఇందులో అన్నిటికంటె పెద్ద మేలు వోల్టేజి వలననే కలిగినదని గమనింపవలెను.

ప్రాసెసరు పొదుపరి యైనంత మాత్రాన పని ముగియలేదు. దానిని నడపువాడును పొదుపరి కావలెను. 1996లోనే వచ్చిన పామ్ పైలట్ అను చేతి యంత్రము ఈ విషయమున ఆదర్శము. మోటరోలా కంపెనీవారి 16 మెగాహెర్ట్‌జుల సాధారణ ప్రాసెసరుతో, రెండు సన్నని సెల్లులతో అది వారములకొలది నడిచెడిది. రహస్యమేమనగా, అది ఎల్లప్పుడును నిద్రించుచుండెడిది. కలము తెరను తాకినప్పుడు మేల్కొని, గీత గీసి, మరల నిద్రించును. రెండు అక్షరముల నడుమ కూడ ఒక కునుకు. దివిసీమ కాలువల చివర శివారు భూములకు వంతులవారీగా నీరు వదలుట రైతులకు తెలిసినదే. వంతు లేనప్పుడు తూము మూసి యుండును. పైలట్ యంత్రమున ఈ తూము వేలసార్లు తెరచి మూసెడివారు.

అయితే నిద్రించుట మేలా, మెల్లగా నడచుట మేలా? తొట్టి లెక్క ప్రకారము పరుగెత్తి నిద్రించుటకంటె తక్కువ వోల్టేజితో మెల్లగా నడచి సమయమునకు ముగించుట మేలు. 1994లో అమెరికాలోని జెరాక్స్ పరిశోధనశాలలో మార్క్ వైజర్, ఆయన సహచరులు ఈ ఆలోచనను తొలిసారి లెక్కలతో పరీక్షించిరి. వారి చిక్కు ఒకటే: రాబోవు క్షణమున ఎంత పని వచ్చునో యంత్రమునకు ముందుగా తెలియదు. తెలిసినచో సరిగా దానికి తగిన వేగమే పెట్టవచ్చును. వారు మూడు పద్ధతులు ఊహించిరి. భవిష్యత్తంతయు తెలిసినట్లు భావించునది ఒకటి, కొంచెము ముందు మాత్రము తెలిసినట్లు భావించునది మఱొకటి. మూడవది ఏమియు తెలియక, “గడచిన క్షణము ఎట్లుండెనో రాబోవునది అట్లే యుండును” అని నమ్మునది. ఆచరణకు సాధ్యమైనది మూడవది మాత్రమే. సెకనులో ఇరువదవ వంతు కాలమునకు ఒకసారి వేగమును మార్చుచు పోయినచో, 5 వోల్టులనుండి 3.3 వరకు తగ్గగల యంత్రమున సగము వరకు, 2.2 వరకు తగ్గగల యంత్రమున 70 శాతము వరకు ప్రాసెసరు శక్తి మిగులవచ్చునని వారి లెక్క. ఇది కాగితముపై వేసిన అంచనా అని మరువరాదు. నడిచిన కంప్యూటర్ల పనిని నమోదుచేసి, ఆ నమోదుపై వేసిన లెక్క అది.

నిజమైన చేతి యంత్రముపై పరీక్ష జరిగినది 2000వ సంవత్సరమున. డిజిటల్ కంపెనీవారి పరిశోధనశాలలో ఇట్సీ అను ఒక జేబు కంప్యూటరును తయారుచేసి యుండిరి. స్ట్రాంగ్‌ఆర్మ్ సంతతికి చెందిన ప్రాసెసరే దాని గుండెకాయ. దాని క్లాకును 59 నుండి 206 మెగాహెర్ట్‌జుల వరకు పదునొకండు మెట్లలో మార్చవచ్చును. గ్రన్వాల్డ్, లెవిస్ మున్నగువారు దాని వోల్టేజిని 1.5 నుండి 1.23కు తగ్గించుటకు వీలుగా మార్పుచేసిరి. తొట్టి లెక్క వేసినచో ఈ చిన్న తగ్గింపే మూడవ వంతు పొదుపు నీయవలెను. చలనచిత్రము, చదరంగము మున్నగువానిని నడిపించి, గడచినదానిని బట్టి వేగమును నిర్ణయించు పద్ధతులను ఒకదాని వెంట ఒకటి ప్రయోగించి, కరెంటును కొలిచిరి.

ఫలితము నిరాశాజనకము. ఆ పద్ధతులు ఏవియు అనుకొన్నంత పొదుపు చూపలేదు. చలనచిత్రము సుమారు 133 మెగాహెర్ట్‌జుల వేగమున ఒక్క బొమ్మయు తప్పిపోకుండ నడువగలదని వారికి ముందే తెలియును. కాని యంత్రము తనంతట ఆ వేగమున కుదురుకొనలేకపోయెను. పని వచ్చుట చూచి పైకి ఎగురును. పని త్వరగా ముగియగా తీరిక కనబడి క్రిందికి దిగును. దిగగానే మరల పని పేరుకొనును. ఇట్లు ఊయల ఊగుచు కూర్చున్నది. వారి తీర్పు ఏమనగా, ఫలానా పని ఫలానా వేళకు ముగియవలెనని ప్రోగ్రాము తానై చెప్పిననే తప్ప, వెనుకటి లెక్కలు చూచి యంత్రము ఊహించుట కష్టము. విజ్ఞానశాస్త్రమున ఇట్టి విఫల ప్రయోగములకు రావలసినంత పేరు రాదు; కాని తరువాతివారికి దారి చూపినది ఇదియే.

ఇదే ప్రాసెసరు కుటుంబము మన దేశమునకు వచ్చిన కథ కూడ వినదగినదే. బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థలోని ఆచార్యులు విజయ్ చంద్రు, స్వామి మనోహర్, రమేశ్ హరిహరన్, వి. వినయ్ మొదలైనవారు, ఒక ప్రైవేటు కంపెనీతో కలిసి, 2001 ఏప్రిలులో సింప్యూటరు అను చేతి కంప్యూటరును ప్రదర్శించిరి. చదువురాని పల్లెవారు కూడ పంచుకొని వాడుకొనవలెనని వారి ఆశయము. అందలి ప్రాసెసరు 206 మెగాహెర్ట్‌జుల స్ట్రాంగ్‌ఆర్మ్. నడిపించు వ్యవస్థ లినక్స్. బజారులో దొరకు సన్నని సెల్లులు మూడింటితో నడుచునట్లు దానిని రూపొందించిరి. పల్లెలో కరెంటు ఎప్పుడుండునో ఎప్పుడు పోవునో తెలియని దేశమునకు ఇది తగిన నిర్ణయమే. 2004 మార్చిలో ప్రభుత్వ రంగమునకు చెందిన భారత్ ఎలక్ట్రానిక్స్ దీనిని అమిడా అను పేరుతో తయారుచేసి విక్రయమునకు పెట్టినది. ఆరంభపు ధర 9,950 రూపాయలు. పల్లెవాని చేతికి అందని ధర. ఆశించినన్ని అమ్ముడుపోలేదు. వెంటనే చవుక సెల్‌ఫోనులు వెల్లువగా వచ్చి ఆ స్థానమును ఆక్రమించినవి.

భారత్ ఎలక్ట్రానిక్స్ పేరు బందరు వాసులకు క్రొత్తది కాదు. 1926లో మచిలీపట్నమున స్థాపింపబడిన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ పాఠశాలల, కళాశాలల ప్రయోగశాలలకు పరికరములు తయారుచేసి పేరుగాంచినది. 1983లో అది భారత్ ఎలక్ట్రానిక్స్‌లో చేరి, సైన్యమునకు కావలసిన దృక్పరికరములకు, చీకటిలో చూచు దుర్భిణీలకు నెలవైనది. సింప్యూటరు బందరులో తయారు కాలేదు. కాని చీకటి దుర్భిణీ కూడ చేతిలో పట్టుకొని బ్యాటరీతో నడుపవలసినదే. కాపలా సైనికునికి సెల్లు మార్చుకొను తీరిక ఎల్లప్పుడు ఉండదు. అదే సంస్థ 2011లో ఆరంభమైన సామాజిక, ఆర్థిక, కులగణనకు గణకులు ఇంటింటికి మోసికొని పోవు పలక కంప్యూటర్లను లక్షల సంఖ్యలో అందించినది. ఊరి వెలుపల గుడిసెలకు పోయి దినమంతయు పేర్లు ఎక్కించువానికి మధ్యాహ్నము యంత్రము ఆరిపోయినచో ఆ పూట పని పోయినట్లే.

ఇట్సీ పరీక్షలో తేలిన చిక్కును తరువాతివారు ఎట్లు తీర్చిరి? పూర్తిగా తీర్చలేదు, ప్రక్కదారి పట్టించిరి. 2004లో వెంకటేశ్ పల్లిపాడి మొదలగువారు లినక్స్ వ్యవస్థలో ఒక క్రొత్త పద్ధతిని చేర్చిరి. కావలసినప్పుడు ఇచ్చునది అని దాని పేరునకు అర్థము. పని ఒక హద్దు దాటినదని కనబడగానే మెట్టుమెట్టుగా ఎక్కక, ఒక్కసారిగా పూర్తి వేగమునకు పోవును. దిగునప్పుడు మాత్రము నెమ్మదిగా దిగును. ఎక్కుటలో తొందర, దిగుటలో జాగ్రత్త. మనిషి ఆలస్యమును సహింపడు. కొంచెము వృథాను సహించును. ఈ మానవ స్వభావమును గుర్తించుటయే ఈ పద్ధతిలోని తెలివి.

ఇంతలో నిద్రలో ఒక లోపము బయటపడినది. కంప్యూటరు వ్యవస్థలు కాలము లెక్కించుకొనుటకు సెకనుకు నూరుసార్లు, కొన్ని వేయిసార్లు గంట మ్రోగించుకొను అలవాటు గలవి. పని ఏమియు లేకున్నను ప్రాసెసరు ప్రతి గంటకును మేల్కొని, “పని ఉన్నదా?” అని అడిగి, లేదనిపించుకొని పడుకొనెడిది. పది మిల్లీ సెకనులకు ఒకసారి లేపబడు మనిషికి నిద్ర ఎట్లు పట్టును? 2007లో లినక్స్‌నుండి ఈ నిరంతర ఘంటానాదమును తొలగించి, తరువాత పని ఎప్పుడో చూచి అప్పటికే గంట పెట్టుకొను ఏర్పాటు చేసిరి. మరుసటి సంవత్సరము వచ్చిన ఆండ్రాయిడ్ ఫోనులు ఇంకొక అడుగు వేసినవి. అందు నిద్రయే నియమము, మెలకువ అపవాదము. మేల్కొని యుండవలెనని ఏదైన ప్రోగ్రాము అడిగి పట్టుబట్టిననే యంత్రము మేల్కొని యుండును. అడిగి పట్టు విడువ మరచిన ఒక్క సోమరి ప్రోగ్రాము తెల్లవారుసరికి బ్యాటరీని ఖాళీ చేయగలదు. 2015లో ఫోను కదలక బల్లపై పడియున్నదని గ్రహించి, ప్రోగ్రాములనన్నిటిని కలిపి అప్పుడప్పుడు మాత్రమే లేపు పద్ధతిని చేర్చిరి.

మెల్లగా నడచుట మేలన్న తొట్టి సూత్రమునకు కూడ ఒక చిల్లు పడినది. 2000 తరువాత ట్రాన్సిస్టర్లు మరీ చిన్నవై, మూసి యున్నను కరెంటు కారుట మొదలిడినవి. అడుగున చిల్లి గల తొట్టిని మెల్లగా నింపినచో కారిపోవునది ఎక్కువ. అట్టి తొట్టికి త్వరగా పని ముగించి తూము మూయుటయే మేలు. కనుక పరుగెత్తి నిద్రించువాదమునకు మరల బలము వచ్చినది. 2011లో ఆర్మ్ కంపెనీ రెండు వాదములకు రాజీ కుదిర్చినది. ఒకే ముక్కలో పెద్ద ప్రాసెసర్లను, చిన్న ప్రాసెసర్లను చేర్చిరి. గడ్డిమోపు తెచ్చుటకు ట్రాక్టరు కట్టనక్కరలేదు గదా. సందేశము చూచుటకు చిన్నది, ఆట ఆడుటకు పెద్దది.

గుడివాడనుండి బందరు పోవు బస్సులో కండక్టరు చేతి టిక్కెట్ల యంత్రమును చూచినచో ఈ చరిత్ర అంతయు కండ్లకు కట్టును. ఒక ప్రయాణమున అరువది టిక్కెట్లు, ఒక్కొక్కదానికి అయిదు సెకనులు అనుకొన్నచో యంత్రము పనిచేయునది అయిదు నిమిషములు. ప్రయాణము సుమారు గంట. మిగిలిన ఏబదియైదు నిమిషములు దాని ప్రాసెసరు ఏమి చేయుచున్నదో అనునదే రాత్రి డ్యూటీ దిగువరకు యంత్రము నిలుచునా లేదా అన్నది నిర్ణయించును. టిక్కెట్టు అచ్చు వేయునప్పుడు మాత్రము ప్రాసెసరు పొదుపు పనికిరాదు. ఆ కాగితముపై అక్షరములు వేడిచే నల్లబడును. వేడి చేయుటకు కరెంటు కావలెను. విద్యుత్తు బిల్లులు ఇంటివద్దనే తీసి యిచ్చువారి యంత్రమునకును ఇదే బాధ.

ఫోనులోను అంతే. ప్రాసెసరు పొదుపు చేయుట నేర్చిన కొలది, పెద్ద ఖర్చు తెరకును, రేడియోకును మారినది. తుఫాను వేళ ఈ రేడియో సంగతియే ముఖ్యము. ఫోను టవరునకు దగ్గరగా నున్నప్పుడు మెల్లగా మాట్లాడును. దూరమైన కొలది గొంతు పెంచును. పాత జీఎస్ఎం ఫోను గరిష్ఠముగా 2 వాట్ల వరకు ప్రసారము చేయగలదు. స్ట్రాంగ్‌ఆర్మ్ ప్రాసెసరంతటిని నడుపు శక్తికి ఇది నాలుగు రెట్లు. గాలికి కరెంటు పోయి, టవరు బ్యాటరీలు, జనరేటరు డీజిలు అయిపోగా టవరు మూగబోవును. అప్పుడు ఫోను ఊరకుండదు. ఒక్కొక్క తరంగమును మీటి, టవరు దొరకునేమోనని మరల మరల వెదకుచుండును. ఆ వెదకులాటలో ప్రాసెసరుకు నిద్ర ఉండదు. ఎవరును మాట్లాడకున్నను, జేబులోనే ఉన్నను బ్యాటరీ తరిగిపోవును. అవసరము అన్నిటికంటె ఎక్కువగా ఉన్న గంటలలోనే యంత్రము అన్నిటికంటె దుబారాగా ఖర్చు చేయుచున్నదన్నమాట. ఏరోప్లేన్ మోడ్ అను మీట నొక్కి, గంటకు ఒకసారి రెండు నిమిషములు మాత్రము దానిని తీసి చూచినచో, ఈ వెదకులాట ముప్పదవ వంతుకు తగ్గును. పామ్ పైలట్ చేసిన పనిని అప్పుడు మనిషి తన చేతితో చేయుచున్నాడు.

నాగాయలంక, గిలకలదిండి మత్స్యకారులకు తుఫాను లేకున్నను ఈ చిక్కు నిత్యము ఉన్నదే. తీరమునుండి 10, 12 కిలోమీటర్లు దాటినచో టవరు అందదు. 2019 అక్టోబరులో హైదరాబాదునందలి సముద్ర సమాచార కేంద్రము ఇన్‌కాయిస్, విమానాశ్రయముల సంస్థతో కలిసి జెమిని అను చిన్న పరికరమును ప్రవేశపెట్టినది. అది గగన్ ఉపగ్రహములనుండి తుఫాను హెచ్చరికలను, చేపలు దొరకు తావుల సమాచారమును అందుకొని, ప్రక్కనున్న ఫోనుకు బ్లూటూతు ద్వారా అందించును. ఫోను దూరపు టవరు కొఱకు అరువనక్కరలేదు. తెరపై చూపించిన చాలును. కాని జెమిని కూడ 1977 నాటి ట్రాన్సిస్టరు రేడియో వలె వినునదే గాని చెప్పునది కాదు. చెప్పు పనికి ఇస్రో వేరొక పరికరమును తయారుచేసినది. 2024 జనవరిలో ప్రవేశపెట్టబడిన రెండవ తరపు ఆపద సూచక ప్రసారిణి, పడవ ఎక్కడ నున్నదో ఉపగ్రహము ద్వారా ఒడ్డునకు తెలిపి, కబురు అందినదను జవాబును తిరిగి పడవకు చేర్చును.